మెలటోనిన్ వార్తలో మోతాదు ఏది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, నిద్రమాత్రల్లో ఉండే మెలటోనిన్ చల్లితే పంట బెట్టను, అంటే నీటి ఎద్దడిని, తట్టుకుంటుందని ఒక వార్త వేశారు. అప్పటినుంచి మా చంద్రగిరి వైపు రైతులు దాని గురించి నన్ను అడుగుతూనే ఉన్నారు. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు చెనక్కాయ (వేరుశనగ) పెడుతున్నాను కాబట్టి అందరికీ నేనే దొరికాను. ఒకాయన మందుల షాపు నుంచి మూడు మిల్లీగ్రాముల మాత్రల పట్టీలు తెచ్చుకుని, "ట్యాంకుకు ఎన్ని ఎయ్యాల సార్?" అని వచ్చి నిలబడ్డాడు. ఆయన తప్పేమీ లేదు. వార్తలో మోతాదు అన్న ముక్కే లేదు.

విషయం అబద్ధమని నేను అనడం లేదు. మెలటోనిన్‌ను 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం పశువుల మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి వేరుచేసింది. మొక్కల్లోనూ అది ఉందని 1995లో తేలింది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి, సెరటోనిన్ మీదుగా, మొక్క దాన్ని తనంతట తానే తయారు చేసుకుంటుంది. నీళ్లు తగ్గినా, ఉప్పు పెరిగినా, చలి కొట్టినా, కాడ్మియం లాంటి విషలోహం వేళ్లకు తగిలినా దాని తయారీ పెరుగుతుంది.

అది చేసే పని కూడా రైతుకు అర్థం కానిదేమీ కాదు. బెట్టలో ఆకు నీళ్లు పోకుండా పత్రరంధ్రాలు మూసుకుంటుంది. లోపలికి కార్బన్ డయాక్సైడ్ రాదు, ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. వాడుకోలేని ఆ వెలుగు వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి ఆకులో పోగుపడి కణాల పొరలను, పత్రహరితాన్ని దెబ్బతీస్తాయి. మధ్యాహ్నం చెనక్కాయ ఆకులు రెండేసి ముడుచుకుని, కింది ఆకులు పసుపు తిరగడం మనం చూస్తూనే ఉంటాం. మెలటోనిన్ ఆ విష పదార్థాలను కొంత నేరుగా విరిచేస్తుంది. కాటలేజ్, పెరాక్సిడేజ్ లాంటి ఎంజైముల పని పెంచి మిగతావాటిని విరగ్గొట్టిస్తుంది. ఆకు పండబారడం ఆలస్యమవుతుంది. చౌడు నేలలో సోడియంను బయటికి నెట్టి పొటాషియంను నిలుపుకోవడానికి తోడ్పడుతుంది. టమాటాలో వేడిని తట్టుకునే ప్రోటీన్లను పెంచుతుందని కూడా ప్రయోగాల్లో చూశారు.

ఇంత మంచి విషయాన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేసి, చదివినవాణ్ణి మందుల షాపు దారి పట్టించారు. నా బాధ అదే.

లెక్క నేను చెబుతాను. ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది 100 మైక్రోమోలార్, లేదా అంతకన్నా తక్కువ. అంటే లీటరు నీళ్లకు దాదాపు 23 మిల్లీగ్రాములు. ఎకరాకు 200 లీటర్లు పిచికారీ చేస్తే నాలుగున్నర గ్రాముల పైచిలుకు కావాలి. మూడు మిల్లీగ్రాముల మాత్రలైతే పదిహేను వందలకు పైనే! ఆ మాత్రలో మందు కన్నా పిండి పదార్థమే ఎక్కువ, అది నాజిల్‌లో అడ్డం పడుతుంది. మెలటోనిన్ నీళ్లలో సరిగా కరగదు, ప్రయోగశాలల్లో ముందు ఆల్కహాల్‌లో కరిగించి తర్వాత నీళ్లు కలుపుతారు. వెలుగుకు పాడవుతుంది గనక పట్టపగలు కొట్టి లాభం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మోతాదు మించితే వేరు ఎదుగుదల ఆగిపోతుంది. తక్కువ మోతాదులో మేలు చేసేదే ఎక్కువైతే కీడు చేస్తుందని ఒక్క వాక్యం రాయడానికి మీ పేజీలో చోటు లేకపోయిందా?

నేను చదివినంతలో ఆ ప్రయోగాల్లో చాలా భాగం ఆపిల్, దోస, టమాటా, గోధుమ, మొక్కజొన్న నారు మీద, కుండీల్లోనో పోషక ద్రావణంలోనో చేసినవి. మన ఎర్ర నేలలో, వాన మీదే ఆధారపడిన చెనక్కాయ సంగతి వేరు. మాకు బెట్ట వచ్చేది సరిగ్గా పూత తర్వాత కాయ పట్టే ఊడలు నేలలోకి దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు. నేల గట్టిపడి ఊడ లోపలికి దిగకపోతే ఆకు ఎంత పచ్చగా ఉంటే మాత్రం ఏం లాభం? ఈ ప్రశ్నకు జవాబు కుండీలో దొరకదు.

ఇలాంటి వార్త కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. యూరియా కావాలంటే ఏదో ఒక సీసా కొనాల్సిందేనని మా దగ్గర ఒక ఎరువుల షాపులో నాకే అంటగట్టారు. సీసా మీద 'ఒత్తిడి నివారిణి' అని పెద్ద అక్షరాలు, లోపల ఏముందో చెప్పే అక్షరాలు భూతద్దం పెట్టినా కనపడవు. మొక్కకు బలం, ఓర్పు ఇస్తాయని అమ్మే ఇలాంటి మందులను, అంటే బయోస్టిమ్యులెంట్లను, 2021లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. అయినా దాదాపు 30 వేల రకాలు ఏళ్ల తరబడి అదుపు లేకుండా అమ్ముడయ్యాయని, చివరికి 650 దాకా మిగిలాయని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహానే చెప్పారు. ఆ మిగిలినవి ఏవో మా ఊళ్లో ఒక్క రైతుకు తెలియదు. అడిగితే అధికారి మీటింగులో ఉన్నారంటారు. ఒకప్పుడు ఊళ్లో రైతులకు సలహా చెప్పే ప్రభుత్వ ఉద్యోగి, గ్రామసేవక్, సైకిలు మీద వచ్చి, గట్టు మీద కూర్చుని, మొక్క పీకి వేరు చూసి మాట్లాడేవాడు. ఇప్పుడు సలహా అంతా సీసా అమ్మేవాడిదీ వాట్సాప్‌దీ అయిపోయింది. తోతాపురి మామిడి ధర పడిపోయి తోటల్లోనే కాయ కుళ్లిన చోట, రైతు చేతిలో మిగిలిన నాలుగు రూపాయలూ ఇలా పోతుంటే ఎవరికీ పట్టదా?

తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది, ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. బెట్టను తట్టుకునే ధరణి చెనక్కాయ రకం అక్కడ పుట్టిందే. విలేకరి అక్కడికి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ వార్త ఇలా వచ్చేది కాదు. ఆ శాస్త్రవేత్తలకూ నా మనవి ఒకటి. వచ్చే ఖరీఫ్‌లో రైతు పొలంలోనే, వానాధారంగా, పక్కపక్కన మడులు వేసి చూడండి: ఒకదానికి మెలటోనిన్, ఒకదానికి అదే ఆల్కహాల్ కలిపిన నీళ్లు, ఒకదానికి ఏమీ కొట్టకుండా. ఎకరాకు ఎన్ని బస్తాలు, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అన్నది తెలుగులో రాసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. అనుమతి ఉన్న మందుల జాబితా కూడా దాని పక్కనే పెట్టించండి.

ఇట్లు,
ఒక చెనక్కాయ రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా.