ఆలస్యమైతే గేటు మూసేస్తారా?

తిరుపతిలో కొన్ని ప్రైవేటు స్కూళ్లు పది నిమిషాలు ఆలస్యమైన పిల్లల్ని గేటు బయటే నిలబెట్టడం, ఒక్కోసారి ఇంటికి తిప్పి పంపడం వెంటనే ఆపాలి. చంద్రగిరి, రామచంద్రాపురం వైపు నుంచి ఆర్టీసీ బస్సుల్లో వచ్చే పిల్లలు బస్సు ఆలస్యమైతే ఏం చేస్తారు? బ్రహ్మోత్సవాల రోజుల్లో ట్రాఫిక్ మళ్లిస్తే పెద్దవాళ్లమే వేళకు ఆఫీసు చేరలేం. బ్యాగు మోసుకుని రోడ్డు మీద ఏడుస్తూ నిలబడిన ఆడపిల్లల్ని నేను చూశాను. ఆ గంటలో వాళ్లకేమైనా జరిగితే బాధ్యత ఎవరిది? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మరోవైపు, వారాల తరబడి బడికి రాని పిల్లల్ని అడిగే నాథుడు లేడు. కుప్పం ప్రాంతం నుంచి పనుల కోసం బెంగళూరు వెళ్లే కుటుంబాలతో పిల్లలూ వెళ్లిపోతారు. జూన్‌లో బడులు తెరిచాక కూడా మామిడి కోతలు సాగుతూనే ఉంటాయి. హాజరు పడిపోయాక నోటీసు ఇస్తే ఆ పిల్లవాడికి పోయిన పాఠాలు తిరిగొస్తాయా? ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి రానిచ్చి, రిజిస్టరులో టైం రాసి, తరచూ జరిగితే తల్లిదండ్రుల్ని పిలిపించాలి. వరుసగా మూడు రోజులు రాకపోతే క్లాస్ టీచర్ ఫోన్ చేయాలి. వారం దాటితే సచివాలయ సిబ్బందిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ మేరకు ప్రభుత్వ, ప్రైవేటు స్కూళ్లన్నింటికీ రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.

– ఒక విద్యార్థిని తండ్రి, తిరుపతి