తమ్ముడి సర్వర్ గురించి

డబ్లిన్

చిరంజీవి చిన్నాకు,

అక్క ఆశీస్సులు. సర్వర్ టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్రపోవట్లేదని, తిండి కూడా సరిగ్గా తినట్లేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటినుంచి నాకూ మనసు మనసులో లేదు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. లాగిన్ అయినవాళ్లు మళ్లీ లాగిన్ పేజీకే వస్తున్నారు, ఫైళ్లు అప్‌లోడ్ కావట్లేదు, ఆఖరికి మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఆగిపోయింది. నాకైతే ఈ మూడింటికీ కారణం డిస్కు నిండిపోవడమే అనిపిస్తోంది. ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుపెట్టుకునే సెషన్ ఫైలు రాయడానికి చోటు లేకపోతే ఆ మాట యూజర్‌కి ఎక్కడా కనిపించదు. కోడ్ జోలికి వెళ్లకముందే డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూపే డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) కమాండ్ కొట్టి చూడు. ఖాళీ ఉందని చూపిస్తే డీఎఫ్ మైనస్ ఐ (df -i) కూడా కొట్టు. చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున డిస్కు కేటాయించే నమోదులు, అయిపోతాయి, అప్పుడు జీబీలు మిగిలున్నా కొత్త ఫైలు పుట్టదు.

పెద్ద లాగ్ ఫైలు తీసేసినా చోటు రాలేదన్నావు కదా. ఆ ఫైలును ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకునే ఉండాలి. పేరు పోయినా డేటా డిస్కు మీదే ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1 (lsof +L1) కొడితే ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో తెలుస్తుంది. దాన్ని రీస్టార్ట్ చెయ్యి, చోటు వచ్చేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎంత కంగారులో ఉన్నా పోస్ట్‌గ్రెస్ తన మార్పులన్నీ ముందుగా రాసుకునే పీజీ_వాల్ (pg_wal) ఫోల్డర్‌లో ఫైళ్లు చేత్తో తీసేయకు. క్రాష్ అయ్యాక డేటాబేస్ కోలుకునేది వాటితోనే. పూర్వం ఆ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్ (pg_xlog). మామూలు లాగ్ అనుకుని జనం చెరిపేస్తున్నారనే 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్‌లో పేరు మార్చారు. ముందు డిస్కు పెంచి డేటాబేస్ లేపు. తర్వాత రెప్లికేషన్ స్లాట్లు చూడు. డేటాబేస్ నకలు సర్వర్ (రెప్లికా) ఎంతవరకు అందుకుందో గుర్తుపెట్టుకునేవి అవే. తీసేసిన రెప్లికా తాలూకు స్లాట్ మిగిలిపోతే, దాని కోసం పోస్ట్‌గ్రెస్ పాత ఫైళ్లన్నీ దాస్తూనే ఉంటుంది. అక్కర్లేని స్లాట్ తీసేస్తే ఆ ఫోల్డర్ తనంతట తానే తగ్గుతుంది. మీది 13 లేదా ఆపై వెర్షన్ అయితే దీనికి హద్దు పెట్టే సెట్టింగ్ కూడా ఉంది.

డిస్కు 80 శాతం నిండగానే మెసేజ్ వచ్చేలా అలర్ట్ పెట్టు. రాత్రి డ్యూటీకి ఇంకొకరిని ఇమ్మని మీ మేనేజర్‌ని అడుగు, మొహమాటపడకు. మళ్లీ ఇలా అయితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి. మీకు అర్ధరాత్రయినా ఇక్కడ ఇంకా సాయంత్రమే.

ప్రేమతో,
అక్క