మా బత్తాయి చెట్టును బతికించిన వాళ్లకు కృతజ్ఞతలు

నల్లగొండలో మా పెరటి సాత్‌గుడి బత్తాయికి వైద్యం చేసిన కనగల్ దిక్కు తోట పెద్దన్నకు, ఉద్యాన కోర్సు చదువుతున్న చెల్లెకు, మైలుతుత్తం, రాతిసున్నం గ్రాములతో సహా తూచి ఇచ్చిన ఎరువుల దుకాణం అన్నకు మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. చెట్టు మళ్లీ ఇగురు పెడుతోంది. ఈ మొదలు, వేరు కుళ్లు జబ్బే మన జిల్లాలో ఇంకెన్నో పెరళ్లలో, తోటల్లో ఉంది కాబట్టి వాళ్లు చేసిందంతా వివరంగా రాస్తున్నాం.

ఆకు పసుపు తిరిగితే అందరికీ ముందు గుర్తొచ్చేది యూరియా, లేదంటే జింకు. చెల్లె ఆకును వెలుతురుకు పట్టి చూపించింది. జింకు తక్కువైతే ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపవుతుంది. మా చెట్టుకు దానికి తిరగబడి ఉంది: నడిమి ఈనె పసుపు, పక్కన ఇంకా పచ్చదనం. అంటే కొరత ఎరువుది కాదు, దెబ్బ మొదలుకో వేరుకో తగిలింది.

పెద్దన్న మొదలు చుట్టూ మట్టి చేత్తో తోడారు. అంటు కట్టిన ముడి మట్టిలో కూరుకుపోయి ఉంది. దాని పైనే బెరడు చీలి, తేనె రంగు బంక గడ్డకట్టింది. బంక కారినంత మాత్రాన ఈ తెగులే అనుకోవద్దన్నారు. పురుగు తొలిచినా కారుతుంది, కానీ అప్పుడు రంధ్రం, రంపపు పొట్టు కనపడాలి. ఇక్కడ అవి లేవు. కత్తి మొనతో కొంచెం గీరితే లోపల తడితడిగా గోధుమరంగు. సన్న వేరును రెండు వేళ్ల మధ్య లాగితే పైపొర ఒరలాగా ఊడివచ్చి లోపలి పోగు మాత్రం మిగిలింది. ఇది ఫైటోఫ్తోరా అనే, నేలలో ఉండే బూజులాంటి సూక్ష్మజీవి పని. దీని బీజాలు నీళ్లలో ఈదుతాయి. మొదట్లో నీళ్లు నిలిస్తే బెరడు దాకా దారి చూపినట్టే. ముడి కింద ఉన్న రంగపూర్ నిమ్మ వేరుమూలం కొంత తట్టుకుంటుంది, పైనున్న సాత్‌గుడి బెరడు తట్టుకోలేదు. అందుకే ముడి ఎప్పుడూ నేలకు ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పైన ఉండాలి.

మట్టి తీసి మొదలును గాలికి ఆరనిచ్చాక గీకుడు మొదలైంది. కుళ్లిన బెరడును మాత్రమే, లోపలి కర్రకు గాయం కాకుండా, చుట్టూ తెల్లటి మంచి బెరడు కనపడేదాకా తీశారు. కత్తిని మాటిమాటికీ స్పిరిట్‌తో తుడిచారు. గీకిన ముక్కలన్నీ ఏరి కాల్చేశారు. కుళ్లు కాండం చుట్టూ సగం దాటితే చెట్టు కోలుకోవడం కష్టం. మాది అంతదాకా పోలేదు.

తర్వాత బోర్డో పేస్టు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల రాతిసున్నం ఇంకో అర లీటరులో కరిగించి, వడకట్టి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడాలి, ఇనుము పనికిరాదు. శుభ్రమైన ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. చాలా ఏళ్లుగా నిల్వ ఉన్న పొడిసున్నంతో ఇది సరిగా కుదరదు. దుకాణం అన్న రాయి సున్నమే వెతికి ఇవ్వడం ఎంత మేలు చేసిందో! పేస్టును కలిపిన రోజే మొదలు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా కుంచెతో పూయాలి.

వేర్లకు మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన తెగులు మందు: లీటరుకు 2.75 గ్రాములు, అంటే పది లీటర్ల బకెట్‌కు 27 లేదా 28 గ్రాములు కలిపి పాదు తడిసేలా పోశారు. కాయ ఉంటే ప్యాకెట్ మీద రాసిన గడువు దాటాకే కోయాలి.

అన్నిటికన్నా మాకు విలువైనది నీటి పద్ధతి మార్పు. కాండం చుట్టూ అడుగున్నర వెడల్పున మట్టి కట్ట వేసి లోపలి వైపు పొడిగా ఉంచారు. నీళ్లు దాని బయట, కొమ్మల నీడ అంచు వరకు ఉన్న రెండో కట్టలోనే పారతాయి. ఎర్ర చెల్క నేలలో నీళ్లు తొందరగా ఇంకుతాయి గానీ మా దగ్గరిలాంటి రేగడిలో నిలుస్తాయి, అందుకే ఒక పక్క కాల్వ కూడా తీశారు. వేరు కోలుకునేదాకా యూరియా వద్దన్నారు. చెట్టు తాగలేని ఎరువు వేర్ల మీద అదనపు భారమే.

ట్రైకోడెర్మాను మందు పోసిన పదిహేను రోజుల తర్వాతే వేయాలని చెల్లె గట్టిగా చెప్పింది, ముందే వేస్తే ఆ మేలు చేసే బూజును కూడా మందు దెబ్బతీస్తుంది. మాగిన పెండ ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి 2 కిలోలు కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు గోనె కప్పి ఉంచాలి. ఒక్క చెట్టుకు అంత అక్కర్లేదు కాబట్టి మా పక్క ఇళ్ల నిమ్మచెట్లకూ పంచాం.

పేస్టు మళ్లీ వానకాలానికి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఇంకోసారి పూయాలి. పెద్దన్నా, అదే సమయానికి మీ తోటలోనూ మొదళ్లకు పూత పని ఉంటుంది. ఒక్క కబురు పెట్టండి, కుంచెలు పట్టుకొని మేమందరం వస్తాం.