అప్‌లోడ్ వేగం కూడా చెప్పించండి: టెలికాం నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఫోన్ లైన్‌తో నంబరు కలిపి నెట్ వాడిన డయలప్ రోజుల్లో గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లే. నెట్ వాడుతుంటే ఫోన్ మోగేది కాదు. తర్వాత ఏడీఎస్ఎల్ అనే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి అదే ఫోన్ రాగి తీగపై, మాటలు వెళ్లే పౌనఃపున్యాలకు పైన డేటాను పంపింది. ఫోన్, నెట్ రెండూ కలిసి నడిచాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ వేగం పడిపోయేది. అందులో డౌన్‌లోడ్‌కే, అంటే ఇంటికి వచ్చే డేటాకే, పెద్దపీట. అప్పట్లో అది సబబే, మనం ఎక్కువగా చదివేవాళ్లమే కాబట్టి.

ఇప్పుడు పిల్లల క్లాసులు, డాక్టరుతో వీడియో కాల్, ఆఫీసు ఫైళ్లు అన్నీ ఇంటి నుంచి బయటికి వెళ్లాలి. ఫైబర్‌లో రెండువైపులా సమాన వేగం సాధ్యమే. అయినా ఎన్నో ప్రకటనల్లో డౌన్‌లోడ్ అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఇది అన్యాయం. అప్‌లోడ్ వేగాన్నీ, రాత్రి రద్దీ వేళ అందే వేగాన్నీ అదే సైజులో ముద్రించాలని ఆదేశించండి.

ఇట్లు,
ఒక వినియోగదారు