వాపంతా బుడ్డ కాదు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా నాన్నగారికి 68 ఏళ్లు. పోయినేడాది ఆయనకు కుడి బీజం వాచింది. నొప్పి లేదు. మా వైపు బోదకాలు, బుడ్డ (బీజం చుట్టూ నీరు పట్టే వరిబీజం) తాతల నాటి నుంచీ చూస్తున్నవే కదా, "బుడ్డేలే" అనుకుని ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలకి పంచెకట్టులో తేడా చూసి అమ్మ గొడవ చేస్తే ఒక క్లినిక్‌కి వెళ్లారు. అక్కడా చేత్తో చూసి నీరు పట్టిందన్నారు. స్కానింగ్ రాయలేదు.

ఇంకో రెండు నెలలు పోయాక వేరే ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు గారు గదిలో లైటు ఆర్పి, వాపు వెనక టార్చి పెట్టి చూశారు. నీరైతే ఎర్రగా వెలుగు కనిపిస్తుందట. నాన్నకి నల్లగానే ఉండిపోయింది. అప్పటికప్పుడు అల్ట్రాసౌండ్ తీయిస్తే లోపల గట్టి గడ్డ. గజ్జ దగ్గర కోసి బీజం తీసి పరీక్షకి పంపితే లింఫోమా, అంటే తెల్లరక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్ అని వచ్చింది.

బీజంలో వచ్చే ఈ లింఫోమా అరుదే. నాన్-హాడ్జ్‌కిన్ అనే రకం లింఫోమాల్లో నూటికి ఒకటో రెండో. కానీ 60 దాటిన మగవాళ్ల బీజంలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కుర్రాళ్లకి వచ్చే బీజం క్యాన్సర్లలో పనికొచ్చే ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ రక్తపరీక్షలు ఇందులో మామూలుగానే ఉంటాయి. అవి బాగున్నాయని ఊరుకుంటే మోసపోతాం. నీరు తీస్తామని సూది గుచ్చినా, సంచి మీద కోసినా గడ్డ కణాలు చుట్టూ పాకే ప్రమాదం ఉంది. గజ్జ నుంచే తీయాలి.

ఆపరేషన్‌తో అయిపోలేదండీ. ఇది రెండో బీజానికి, మెదడుకి తిరగబెట్టే రకం. రక్తంలోకి ఎక్కించే మందు ఆ రెండు చోట్లకీ సరిగ్గా చేరదు. అందుకే రిటుక్సిమాబ్ అనే మందుతో కలిపి 6 సార్లు కీమో ఇచ్చారు, మెదడు కోసం నడుములో సూదితో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కించారు, ఆఖర్న రెండో బీజానికి రేడియేషన్ పెట్టారు. ప్రతిసారీ విశాఖ ప్రయాణమే. బీజం తీసేశారని ఊళ్లో ఏమనుకుంటారోనన్న టెన్షన్ ఆయన్ని జబ్బు కంటే ఎక్కువ కుంగదీసింది. ఆ మాట నాతో అనడానికే ఆయనకి మూడు నెలలు పట్టింది.

అయ్యా, బోదకాలు తెచ్చే ఫైలేరియాకి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇంటింటికీ తిరిగి మింగించిన శాఖ మీది. ఆ తిరిగే మనుషులే 50 దాటిన మగవాళ్లని బీజం వాపు ఉందా అని ఒక్క మాట అడగాలి. ఆశా అక్కలకి మా పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు, మగ ఆరోగ్య కార్యకర్తని పంపండి. వాపున్న ప్రతి ఒక్కరికీ, వరిబీజం ఆపరేషన్‌కి ముందు తప్పకుండా, అల్ట్రాసౌండ్ తీయమని డెల్టాలోని ఆసుపత్రులన్నిటికీ ఆదేశాలివ్వండి. లింఫోమా ఏ రకమో తేల్చే ఇమ్యునో పరీక్ష, కీమో మాకు కాకినాడలోనే అందేలా చూడండి.

మా వీధిలో ఇంకో ఇద్దరికి వాపుందని నాన్నే చెప్పారు. ఒకాయన్ని మొన్న స్కానింగ్‌కి తీసుకెళ్లాను, నీరేనన్నారు. రెండో ఆయనకి 71 ఏళ్లు. ఎంత బతిమాలినా రానంటున్నారు. మీ శాఖ నుంచి ఎవరైనా వచ్చి చెబితే వింటారు.

ఇట్లు,
రాజోలు ప్రాంత కొబ్బరి రైతు కొడుకు