లా అధ్యాపకులనూ ప్రతిపాదించండి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను 2023 నుంచి ఉన్నత విద్యాసంస్థల అధ్యాపకులకూ ఇస్తున్నారు. ప్రశంసాపత్రం, 50,000 రూపాయలు, వెండి పతకం ఉంటాయి. లా కాలేజీలు మంచి గురువులను వెతికి ప్రతిపాదించాలి.

ప్రతిపాదనలు బలహీనపడేది పొగడ్తలతో. ‘అంకితభావం గలవారు’ అని పది వాక్యాలు రాసి, సెమినార్ సర్టిఫికెట్లు జత చేస్తే బోధన ఎక్కడా కనబడదు. మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదన) పేపరునే తీసుకోండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడు మూట్‌లకు 30 మార్కులు, రెండు విచారణల పరిశీలనకు 30, క్లయింట్ ఇంటర్వ్యూ, కేసు తయారీకి 30, వైవాకు 10. కోర్టు గడప తొక్కకుండా సీనియర్ల రికార్డు చూసి, విచారణలో చూసింది రాయాల్సిన డైరీని నింపేసే విద్యార్థులు ఎందరో! విద్యార్థులను స్వయంగా కోర్టుకు తీసుకెళ్లి, ప్రతి డైరీనీ చదివి, ‘ఈ ప్రశ్నకు అభ్యంతరం ఎందుకు చెప్పారు?’ అని ఎర్ర సిరాతో అడిగే అధ్యాపకురాలు ఉంటే, ఆ పేజీలు రెండు స్కాన్ చేసి పెట్టండి. అంతకు మించిన సాక్ష్యం లేదు.

కొత్త చట్టాల బోధననూ చూపాలి. 2024 జులై 1కి ముందు జరిగిన హత్యకు పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 302, ఆ రోజు నుంచి జరిగినదానికి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103. రెండూ పక్కపక్కనే బోధించిన పాఠ్య ప్రణాళికను జతచేయండి.

సహోద్యోగి లేఖను ఆ అధ్యాపకుల క్లాసులో కూర్చుని చూసినవారే రాయాలి. న్యాయ సహాయ కేంద్రం కాగితాలు పెట్టేటప్పుడు కక్షిదారుల పేర్లు, చిరునామాలు తప్పక కొట్టేయండి.

– కొందరు న్యాయశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం