కరెంటు పెట్టే ముందు ఏం తినాలో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా అమ్మకు 68 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు నిరుడు రేడియేషన్ ఇచ్చారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, వారానికోసారి కీమో కూడా. నీరసపడుతుందేమోనని రోజూ బయలుదేరే ముందు నేనే ఒక సున్నుండ తినిపించేదాన్ని. అమ్మకు సున్నుండలంటే ప్రాణం. చికిత్స అయిపోయి ఎనిమిది నెలలైనా, ఇప్పటికీ మినుములు వేయించే వాసన తగిలితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోతుంది. మొదట్లో మొండితనం అనుకుని విసుక్కున్నాను. అలా అన్నందుకు ఇప్పుడు చాలా బాధపడుతున్నాను.

ఇది మొండితనం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా నౌకాదళం వారి రేడియేషన్ పరిశోధనశాల ఒకటి ఉండేది. అక్కడి ఎలుకలు రేడియేషన్ గదిలో ప్లాస్టిక్ సీసా నీళ్లు తాగడం తగ్గించేస్తున్నాయని జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త గమనించారు. సాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు ఇస్తూ గామా కిరణాలు తగలనిస్తే, ఆ తర్వాత అవి ఆ తీపికి దూరంగా ఉన్నాయి. 1955లో ఆయన బృందం ఈ ఫలితాన్ని ప్రచురించింది. ముందు తిన్న రుచికీ, ఎప్పుడో గంటల తర్వాత పుట్టిన వికారానికీ శరీరం తనంతట తానే ముడివేసుకుంటుంది. తప్పు తిండిది కాదని మనసుకు తెలిసినా ఆ ముడి విడిపోదు.

పిల్లల్లోనూ ఇదే తేలింది. 1978లో అమెరికాలోని సియాటిల్‌లో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు కీమోకు ముందు కొందరు పిల్లలకు ఓ కొత్త రకం ఐస్‌క్రీమ్ పెట్టారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇస్తే వారిలో ఐదుగురికి ఒక్కరే దాన్ని కోరుకున్నారు. మందుతో ముడిపడకుండా తిన్న పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది ఇష్టంగా తీసుకున్నారు.

"పెద్దవాళ్లకు నాలుకే మొద్దుబారుతుంది, ఇవన్నీ వాళ్లకేం పడతాయి?" అన్నారు మా బంధువొకరు. ఆ మాట నన్ను వదల్లేదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లాబొరేటరీలో 2, 7, 12, 16 నెలల వయసు ఎలుకలపై అతివేగంగా దూసుకొచ్చే ఇనుప కణాల రేడియేషన్ ప్రయోగించి, మూడు రోజుల తర్వాత ఒక మందు ఇంజెక్షన్‌తో రుచి మీద వెగటు పుట్టేలా చేసి చూశారు. ఆ వెగటు నేర్చుకోవడాన్ని రేడియేషన్ దెబ్బతీసింది 2 నెలల ఎలుకల్లోనే. పెద్దవి మామూలుగానే నేర్చుకున్నాయి. ఎలుకకు జరిగిందే మనిషికీ జరుగుతుందని నేననను. కానీ వయసు మీదపడితే వెగటు పుట్టదనుకోవడం తప్పని మా అమ్మను చూస్తేనే తెలుస్తోంది. అసలు పెద్దవాళ్లు ఇష్టంగా తినేవే నాలుగైదు. అందులో ఒకటి పోతే వాళ్ల ఒంటికి ఎంత నష్టమో ఆలోచించండి.

ఐదు వారాలు ఆస్పత్రికి తిరిగినా ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఎవరినీ నిందించాలని కాదు, అక్కడ ఎంత రద్దీయో కళ్లారా చూశాను. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద చికిత్సకయ్యే ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది. దానికి తోడు, మొదటి సిట్టింగ్‌కు ముందే డైటీషియన్ రోగితోనూ తోడొచ్చిన వాళ్లతోనూ పది నిమిషాలు మాట్లాడే ఏర్పాటు చేయాలి. వెయిటింగ్ హాల్లో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించాలి: ఇష్టమైన వంటకాన్ని చికిత్సకు ముందు పెట్టవద్దు, వాంతులు రాకుండా డాక్టరు ఇచ్చిన మాత్ర మర్చిపోవద్దు, ఆకలైతే తేలికగా, మళ్లీ తినకపోయినా పర్వాలేదనిపించేది ఏదైనా పెట్టండి అని. భోజనానికీ కీమోకీ మధ్య పిల్లలకు ఓ కొత్త రుచి మిఠాయి బిళ్ల ఇస్తే వెగటు దాని మీదికి పోయి, భోజనం మీద ఇష్టం చాలావరకు నిలిచిందని బెర్న్‌స్టీన్ బృందమే 1987లో చూపింది. ఒక బిళ్ల ఖరీదు ఎంతని?

అమ్మకు ఇప్పుడు నువ్వుండలు చేసి పెడుతున్నాను. కరెంటు పెట్టిన రోజుల్లో అవి ఇంట్లోకి రాలేదు. రోజుకు రెండు తింటోంది.

— ఒక పాఠకురాలు, కాకినాడ